ఆన్‌లైన్ చికిత్స హాస్టల్ పిల్లలకూ అందాలి: వైద్య ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే లెక్చరర్‌ని. తమను తాము గాయపరచుకునే పిల్లల గురించి మీకు రాస్తున్నాను. వీళ్లలో చాలామందికి చచ్చిపోవాలని ఉండదు. లోపలి బాధ తట్టుకోలేక, కాసేపైనా దాన్ని ఆపుకోవడానికి అలా చేస్తారు. అలాగని తేలిగ్గా తీసుకోడానికి లేదు, మిగతా పిల్లల కంటే వీళ్లకు ఆత్మహత్య ముప్పు ఎక్కువ. విషయం బయటపడితే మన దగ్గర ఏం జరుగుతుందో చెప్పనా? ప్రిన్సిపాల్ రూములో పంచాయితీ, ఇంటికి ఫోను, "కాలేజీకి చెడ్డపేరు వస్తుంది, టీసీ తీసుకెళ్లండి" అన్న మాట. తండ్రి కేకలేస్తాడు, తల్లి ఏడుస్తుంది. ఆ తర్వాత పిల్ల ఇంకా జాగ్రత్తగా దాచుకుంటుంది.

స్వీడన్‌లో 13 నుంచి 17 ఏళ్ల వయసున్న ఇలాంటి పిల్లలు 166 మందితో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. అందులో దాదాపు సగం మందికి మామూలు చికిత్సతో పాటు 12 వారాల ఆన్‌లైన్ చికిత్స ఇచ్చారు. కోపం, సిగ్గు, భయం ముంచుకొచ్చినప్పుడు వాటిని గుర్తుపట్టడం, అవి తగ్గేదాకా ఓర్చుకోవడం, గాయపరచుకోవడానికి బదులు ఏం చేయొచ్చో నేర్చుకోవడం అందులోని పాఠాలు. పిల్లలు రాసింది థెరపిస్ట్ చదివి మెసేజ్‌లో జవాబిస్తారు. చికిత్స ముగిసిన నెలకు చూస్తే, వాళ్లలో గాయపరచుకోవడం 82 శాతం తగ్గింది. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లలో తగ్గింది 47 శాతం. తల్లిదండ్రులకు విడిగా ఆన్‌లైన్ కోర్సు పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చింది. "నీకేం తక్కువ చేశాం?" అని నిలదీసే ముందు బిడ్డ చెప్పేది వినడం మన ఇళ్లలోనూ ఎవరో ఒకరు నేర్పాలి కదా.

మనకు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా క్లాసుల్లో బోర్డు మీద ఆ నంబరు రాయిస్తాను. అర్ధరాత్రి ఆపదలో అది నిజంగా అండ. కానీ ఒక్క ఫోన్ కాల్‌తో తీరే కష్టం కాదిది. వారం వారం అదే థెరపిస్ట్ వెంట ఉండి నడిపించే కోర్సు తెలుగులో కావాలి. టెలి మానస్‌కు పెద్దదిక్కుగా ఉన్న బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ సాయంతో దాన్ని తయారు చేయించమని నా మనవి. సైకియాట్రిస్ట్ కోసం జిల్లా కేంద్రం దాకా వెళ్లలేని కుటుంబాలకు అది ఇంటికే వస్తుంది.

అయితే హాస్టల్ పిల్లల మాటేమిటి? రెసిడెన్షియల్ కాలేజీల్లో సెల్‌ఫోన్ దొరికితే లాగేసుకుంటారు. ఇంటికి మాట్లాడాలంటే ఆదివారం లైన్లో నిలబడాలి, వెనక పదిమంది, పక్కన వార్డెన్. అమ్మతోనే మనసు విప్పి మాట్లాడలేని పిల్ల అక్కడ నుంచుని 14416కి ఏం చెబుతుంది? ఎంత మంచి ఆన్‌లైన్ చికిత్స తెచ్చినా హాస్టల్ గేటు బయటే ఆగిపోతుంది. వారానికి ఒక గంట, తలుపు వేసుకునే ఒక గది, ఒక ట్యాబ్. అడుగుతున్నది ఇంతే. స్టడీ అవర్ పోతుందని మేనేజ్‌మెంట్లు ఒప్పుకోవు, కాబట్టి ఇంటర్ బోర్డు గుర్తింపు షరతుల్లోనే దీన్ని చేర్చాలి.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణంపై వచ్చిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. మన రాష్ట్రంలో జరిగిన ఘటన అది. ఆ కౌన్సెలర్‌కు ఈ ఆన్‌లైన్ కోర్సులో శిక్షణ ఇప్పించండి. పిల్ల ఫలానా కోర్సులో ఉందన్న సంగతి కౌన్సెలర్‌కూ కన్నవాళ్లకూ తప్ప, ప్రాణం మీదికి వస్తే తప్ప, ఇంకెవరికీ తెలియకూడదు. గాయపరచుకున్నారన్న కారణంతో టీసీ చేతిలో పెట్టకూడదని జీవో ఇవ్వండి.

ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. విద్య, సంక్షేమ శాఖల మంత్రులతో మాట్లాడి ముందు అక్కడ ఒక్క జిల్లాలోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక జూనియర్ లెక్చరర్,
గుంటూరు జిల్లా