పజిల్ పేజీ అచ్చుకు వెళ్లేముందు ఎవరైనా చూస్తున్నారా?

సంపాదకులు గారికి,

ఆదివారం సంచికలో వినోదం పేజీకి "సరికొత్త హంగులు" దిద్దామని మీరు మొదటి పేజీలో గొప్పగా ప్రకటించినప్పుడే ఈ ఉత్తరం రాయాల్సింది. కొత్తలో తప్పులు మామూలే, సర్దుకుంటారులే అని ఊరుకున్నాను. సర్దుకోలేదు సరికదా, మొన్నటి ఆదివారం ఇంకో మెట్టు పైకెక్కారు.

ముందు సుడోకు సంగతి. ప్రతి అడ్డం వరసలో, నిలువు వరసలో, చిన్న చదరంలో 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి, అంతే కదా ఆట. మొన్న మీరు వేసి ఇచ్చిన అంకెల్లో 3 లేదు, 8 లేదు. గడి మొత్తం మీద ఒక్కచోట కూడా లేవు. ఏదైనా ఒక అంకె లేకపోతే ఫరవాలేదు, మిగతా ఎనిమిదీ కుదిరాక తొమ్మిదోది దానంతటదే తేలుతుంది. రెండు లేకపోతే ఎలా? కిందామీదా పడి గడి నింపాం అనుకోండి. అందులో 3 ఉన్నచోటల్లా 8, 8 ఉన్నచోటల్లా 3 వేసి చూడండి. అడ్డం వరస తప్పదు, నిలువు వరస తప్పదు, చిన్న చదరమూ తప్పదు. అంటే ఒక జవాబు ఉంటే రెండోదీ ఉన్నట్టే. ఇది కనిపెట్టడానికి లెక్కల్లో డిగ్రీ అక్కర్లేదు. పేజీ అచ్చుకు వెళ్లేముందు ఆఫీసులో ఒక్కరు పెన్సిల్ పట్టుకుని పావుగంట కూర్చుంటే చాలు. మా వీధి చివరి మాస్టారికి ఫోన్ చేస్తే, నాకు 3 వచ్చిన ప్రతిచోటా ఆయనకు 8 వచ్చింది. నువ్వు తప్పంటే నువ్వు తప్పని కాసేపు వాదించుకున్నాక గానీ ఇద్దరిదీ రైటేనని అర్థం కాలేదు.

16 అంకెలు మాత్రమే ఇచ్చి, ఒకే ఒక్క జవాబు వచ్చేలా సుడోకు తయారుచేయడం కుదరదనీ, కనీసం 17 కావాలనీ 2012లో ఐర్లండ్‌లోని డబ్లిన్ గణితవేత్తలు తేల్చారు. అందుకోసం 547 కోట్ల గడులను కంప్యూటర్లతో జల్లెడ పట్టించారు. అక్కడ 547 కోట్లు. ఇక్కడ వారానికి ఒక్కటి.

ఇక గళ్ళ పజిల్. దీని గురించి రాస్తుంటే చెయ్యి వణుకుతోంది, వయసు వల్ల కాదు. "అడ్డం 4: చదువుకోవడానికి పనికొచ్చేది." గళ్ళు ఏడు. ఏడు గళ్ళంటే ఏ విశ్వవిద్యాలయమో, గ్రంథాలయ భవనమో అని నానా తంటాలూ పడ్డాను. జవాబు "పుస్తకం" అట! మూడు గళ్ళ మాట. మా అక్క కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, తనకు చూపిస్తే నవ్వి, "పిన్నీ, కంప్యూటర్ లోపల తెలుగు అలా ముక్కలుగానే ఉంటుంది" అని లెక్క చెప్పింది. ప ఒకటి, దాని కొమ్ము ఒకటి, స ఒకటి, పొల్లు ఒకటి, త, క, చివరన సున్న. మొత్తం ఏడు. సున్నకి సొంత గడి! ఈ లెక్కన "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి ఆరు గళ్ళు కావాలి. తెలుగు గడిలో గుణింతమైనా, ఒత్తైనా, సున్న అయినా అక్షరంతో కలిపి ఒకే గడిలో కూర్చుంటాయని పజిళ్లు నింపే ప్రతి మనిషికీ తెలుసు. గడులు కూర్చే మీ మెషీన్‌కి తెలియదు. పోనీ, మెషీన్‌ని అని ఏం లాభం? దాని మీద ఒక మనిషిని పెట్టలేదు మీరు.

ఆధారాల సంగతి చెప్పనక్కర్లేదు. "ఒక జంతువు." "ఒక రంగు." "ఒక నది." ఇవి ఆధారాలా, ఒకటో తరగతి ప్రశ్నపత్రమా? ఇదే పేజీలో ఇదివరకు గడి కూర్చిన పెద్దాయన ఎవరో గానీ (పేరు వేసేవారు కాదు, ఏం రోగమో), ఆయన ఆధారం చూస్తే ఆదివారం టిఫిన్ చల్లారిపోయేది. "తల తిరిగిన తీగ" అనేవారు, రెండు గళ్ళు. తలని తిప్పి రాస్తే లత. అలాంటిది ఒకటి నేనూ కూర్చి మీకు పంపుతున్నాను, వేసుకోండి: "యంత్రం వెనక్కి తిరిగితే లక్ష్మీదేవి." రెండే గళ్ళు. మీ మెషీన్‌కి ఇచ్చి చూడండి, ఏమంటుందో.

శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు ముచ్చటపడి గళ్ళ పజిళ్లు కూర్చిన భాష ఇది. ఇక్కడ పొడుపుకథ విప్పడం రాని పల్లెటూరు ఉండేది కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి అని, కవి వేయబోయే అక్షరాన్ని ముందే ఊహించి వద్దంటారు, ఆయన ఇంకో దారి వెతుక్కోవాలి. జనం టికెట్ కొనుక్కుని సర్కస్‌కి వెళ్లినంత సంబరంగా వెళ్లి చూసేవారు. మీరు మాత్రం "ఒక నది" అంటారు.

జవాబుల మాట అడగకూడదు. పాత పద్ధతిలో వచ్చే ఆదివారం అదే పేజీలో కింద చిన్న అక్షరాల్లో వేసేవారు. ఇప్పుడు నలుపు తెలుపు చుక్కల గడి ఒకటి అచ్చేసి, ఫోన్‌తో స్కాన్ చేసి యాప్ దించుకోమంటున్నారు. దించుకుంటే ఫోన్ నంబరు, ఓటీపీ, పుట్టినతేదీ. అడ్డం 4కి జవాబు చెప్పడానికి నా పుట్టినతేదీ ఎందుకండీ? ఇంతా చేసి, పేపర్లో ఇదివరకు జవాబులుండే జాగాలో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన. దాంట్లో మాత్రం ఒక్క అక్షరం తప్పు పోదు.

అదే సంచికలో, పక్క పేజీలోనే, "రోజూ సుడోకు చేయండి, మతిమరుపును తరిమేయండి" అని ఒక వ్యాసం. మేం మందు కోసం చేయడం లేదు మహాప్రభో. సరదాకి చేస్తున్నాం. చిక్కు విడిపోయినప్పటి ఆ "హమ్మయ్య" కోసం చేస్తున్నాం. దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. అసలు సరదాకి ఏదైనా చేయడమంటే ఈ రోజుల్లో ఎవరికీ నమ్మకం లేనట్టుంది. పిల్లలకి లాజిక్ పజిల్ అంటే కోచింగ్ సెంటర్లో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మందిని కూర్చోబెట్టడమే. ఏ అనేవాడు బీకి ఎడమవైపు, సీ అనేవాడు కేంద్రం వైపు చూడటం లేదు, నిమిషంలో తేల్చకపోతే బ్యాంకు ఉద్యోగం గోవిందా. ఆ పరీక్షలు పెట్టేవాళ్ల తీరు మాత్రం ఏం తక్కువ? కీ ఇస్తారు, కీలో తప్పులంటారు, ప్రశ్న తీసేస్తారు, మార్కులు కలుపుతారు, చివరికి కోర్టు మెట్లెక్కుతారు. అయినా వాళ్లు కనీసం "అభ్యంతరాలు తెలపండి" అని గడువైనా ఇస్తారు. మీరు అదీ లేదు. మీ పేజీలో ఉన్న నంబరుకి చేస్తే చందా కట్టమని ఒక అమ్మాయి మాట్లాడుతుంది.

పేపరు మానేసి లైబ్రరీకి వెళ్లి నింపుకుందామంటే అదో భాగోతం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మా దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు. ఆ డబ్బు మున్సిపాలిటీల నుంచి గ్రంథాలయ సంస్థలకు చేరడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని మీ పత్రికే అప్పుడప్పుడు రాస్తుంది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న ఒక్క ప్రతిలోనూ ఎవరో మహానుభావుడు పొద్దున్నే బాల్‌పెన్నుతో, అదీ తప్పులతో, గడి నింపేసి పోతాడు.

నేను అడిగేది పెద్ద పని కాదు. గడి కూర్చడానికి ఒక మనిషిని పెట్టండి, కూర్చిన వాళ్ల పేరు వేయండి. అచ్చుకు ముందు ఇంకొకరు నింపి చూడాలి. జవాబులు పేపర్లోనే, వెంచర్ ప్రకటన పక్కన అయినా సరే, వేయండి. మొన్నటి సుడోకుకి రెండు జవాబులున్నాయని వచ్చే ఆదివారం సవరణ కూడా వేస్తే, మాస్టారు కత్తిరించి దాచుకుంటానన్నారు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
తణుకు