గంట కొట్టే తాత గది కోసం విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, ఉద్యోగాల కోసం ఊరు విడిచి వెళ్లిన మన పిల్లలకు కమిటీ తరఫున వందనాలు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం మన చర్చిలో మొదటి గంట ఇరవై నిమిషాలు ఆలస్యంగా మోగింది. కొందరు విసుక్కున్నారు కూడా. ఆరాధన అయ్యాక వెళ్లి చూస్తే, గంట కొట్టే తాత రాత్రంతా తన గది కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టి, మంచాన్ని ఆ మూలకీ ఈ మూలకీ జరుపుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాడట. ఆ ఒక్క గదిలోనూ సగం మనమే ఆక్రమించాం. ప్లాస్టిక్ కుర్చీలు, క్రిస్మస్ స్టార్లు, పాత స్పీకర్ బాక్సులు, నిరుటి కన్వెన్షన్ ఫ్లెక్సీలు.

సంగతి తెలిసి పాస్టరు అయ్యగారు కమిటీ మీటింగులో బైబిల్లోని నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం చదివించారు. యూదా దేశపు అధికారి నెహెమ్యా యెరూషలేములో లేని సమయంలో యాజకుడైన ఎల్యాషీబు, మందిరంలో దశమభాగాలూ (పంటలో పదో వంతు కానుకలు) ధూపద్రవ్యాలూ ఉంచే పెద్ద గదిని తనకు బంధువైన టోబీయాకు ఇచ్చేశాడు. నెహెమ్యా తిరిగొచ్చి ఆ సామానంతా బయట పారేయించాడు. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. తమకు రావలసిన పాళ్లు అందక, మందిర సేవ చేసే లేవి గోత్రంవారైన లేవీయులు, గాయకులు ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా లేవీయులను ఏమీ అనలేదు, అధికారులను నిలదీశాడు. చదువుతుంటే మాలో ఎవరికీ తల ఎత్తబుద్ధి కాలేదు.

లేవీయులంటే బలిపీఠం దగ్గర నిలబడేవాళ్లే అనుకుంటాం. ఆ పని మోషే అన్న అహరోను కుమారులది. మిగతా గోత్రమంతా మోసేవాళ్లు, విప్పేవాళ్లు, కట్టేవాళ్లు. అరణ్యంలో ఆరాధన గుడారం కదిలితే, లేవీయుల మూడు శాఖల్లో తెరలూ కప్పులూ గెర్షోనీయులవి. పలకలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు మెరారీయులవి. ఏ వస్తువు ఎవరు మోయాలో పేరుపేరునా అప్పగించేవారు. గోత్రాల ప్రధానులు ఇచ్చిన 6 బండ్లు, 12 ఎద్దుల్లో మోషే మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు, గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు ఇచ్చాడు. దేవుని ఆజ్ఞల పలకలున్న మందసం మోసే మూడో శాఖ కహాతీయులకు ఒక్కటీ లేదు, వాళ్లు భుజాల మీదే మోయాలి. మోషే కూడా కహాతు వంశస్థుడే సుమా!

ఈ గోత్రానికి దేశంలో మిగతా గోత్రాల్లా స్వాస్థ్యంగా భూమి లేదు. ఉండడానికి 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకు నేల ఇచ్చారు. తిండికి మిగతా గోత్రాల దశమభాగమే ఆధారం. అందులోనూ పదో వంతు వాళ్లు యాజకులకు ఇవ్వాలి.

తర్వాతి కాలంలో పొద్దున్నే మందిరం తలుపులు తీసేదీ లేవీయులే. సేవకు వాడే పాత్రలను లెక్కపెట్టి లోపలికి తీసుకెళ్లి, మళ్లీ లెక్కపెట్టి బయటికి తెచ్చేవారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి సంస్కారం అయ్యాక మన తాత చిన్న గ్లాసులను కడిగి, తెల్లగుడ్డ మీద పది పది చొప్పున బోర్లించి లెక్కపెట్టుకోవడం ఎవరైనా చూశారా? ఒకటి తగ్గితే బెంచీల కింద వెతికి గానీ ఇంటికి వెళ్లడు.

పాత గది తీసేసి ఆయనకు స్లాబుతో రెండు గదులు, బాత్రూము కట్టాలని, సామానుకు వేరే స్టోర్ రూము వేయాలని తీర్మానించాం. మేస్త్రీ లెక్క ప్రకారం 4 లక్షల 20 వేలు అవుతుంది. కోత పండుగ వేలంపాటలో వచ్చిన 1 లక్షా 35 వేలు చేతిలో ఉన్నాయి. ఇంకా 2 లక్షల 85 వేలు కావాలి. డబ్బు ఇవ్వలేనివారు సిమెంటు బస్తా అయినా, ట్రాక్టరు ఇసుక అయినా, ఒక రోజు కూలి పని అయినా ఇవ్వవచ్చు. స్లాబుకు నీళ్లు పెట్టే పని యూత్ వాళ్లు ఒప్పుకున్నారు.

యోవాషు రాజు కాలంలో మందిరం మరమ్మతు కోసం యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం వేయించి, బలిపీఠం పక్కన పెట్టించాడు. నిండినప్పుడు రాజు లేఖికుడూ ప్రధానయాజకుడూ కలిసి లెక్కపెట్టేవారు. పని చేయించినవాళ్లు నమ్మకస్థులు కాబట్టి వారిని లెక్క అడగలేదట. మమ్మల్ని మాత్రం అడగండి. ప్రతి బిల్లూ నోటీసు బోర్డు మీద అంటిస్తాం. గది కోసం వేరే పెట్టె గుమ్మం పక్కనే ఉంటుంది. చేతికి ఇచ్చేవారు ట్రెజరర్ గారి దగ్గర రసీదు తప్పక తీసుకోండి.

జూన్ వానలకు ముందే స్లాబు పడాలి. కుర్చీలూ ఫ్లెక్సీలూ మాత్రం వచ్చే శనివారమే బయటికి తీస్తున్నాం. ట్రాలీ ఆటో ఉన్నవారు పొద్దున పదింటికల్లా వస్తే చాలు.

మీ
సంఘ కమిటీ