కాటన్‌వుడ్ రోడ్డు మీద నా కారును లాగనన్న పెద్దాయనకు

వారం రోజులుగా ఫోన్ చేసి తిడుతున్నవాళ్ళందరికీ ముందు ఒక మాట. నేను బాగానే ఉన్నాను. కారూ బాగానే ఉంది. యూటా ఎడారిలో ఒక రాత్రి బురదలో ఇరుక్కుపోయాను, అంతే. ఆ రాత్రి ఆదుకున్నవాళ్ళ గురించి ఫోన్‌లో అడిగినవాళ్ళకల్లా సగం సగం చెప్పాను. అది వాళ్ళకు న్యాయం చేసినట్టు అనిపించలేదు, అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

అక్టోబరు మొదట్లో ఆరు రోజులు సెలవు దొరికింది. సాల్ట్ లేక్ సిటీలో కారు అద్దెకు తీసుకుని, టెంటు వేసుకుని, ఒక్కదాన్నే బయల్దేరాను. ముందు కాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్, అక్కణ్ణుంచి హైవే 12 మీదుగా ఎస్కలాంటే అనే ఊరు. నాలుగు రోజులు హాయిగా గడిచిపోయాయి. ఐదో రోజు కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు ఎక్కాను. కానన్‌విల్ నుంచి హైవే 89 దాకా సుమారు 46 మైళ్ళు. కోడక్రోమ్ బేసిన్ అనే పార్కు దగ్గర తారు అయిపోతుంది, అక్కణ్ణుంచి అంతా మట్టే. 1996లో గ్రాండ్ స్టెయిర్‌కేస్-ఎస్కలాంటే నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రభుత్వ రక్షణలో ఉండే ప్రాంతంగా, ప్రకటించిన నేల అది. ఉచితంగా ఇచ్చే పర్మిట్ తీసుకుంటే క్యాంప్‌గ్రౌండ్ లేని చోట కూడా రాత్రి ఉండొచ్చు.

మొదటి కృతజ్ఞత ఆ పర్మిట్ ఇచ్చిన రేంజరమ్మకు. "రోడ్డు తడిస్తే ఎక్కడున్నావో అక్కడే ఆగిపో. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అక్కడ పనికిరాదు" అని రెండుసార్లు చెప్పింది. ఎండిన వాగులో టెంటు వేయొద్దనీ, పైన ఎక్కడో మైళ్ళ దూరంలో వాన పడినా వాగు పొంగుతుందనీ చెప్పింది. అన్నిటికీ తలూపాను. నా కారుకు ఫోర్ వీల్ డ్రైవే లేదని మాత్రం చెప్పలేదు. మట్టిరోడ్ల మీద నడపకూడదని అద్దె కాగితాల్లో రాసి ఉంది, అదీ చెప్పలేదు. తప్పు పూర్తిగా నాదే.

గ్రోవ్నర్ ఆర్చ్ అనే రాతి తోరణం చూసుకుని దక్షిణంగా దిగుతుంటే మూడింటికి వాన మొదలైంది. గట్టిగా ఇరవై నిమిషాలు కూడా పడలేదు. ఆగాల్సింది. ఇంకొంచెం పోతే గుట్టల మధ్య నుంచి బయటపడతానులే అనుకున్నాను. నల్లరేగడి తెలిసినవాళ్ళకు ఆ మట్టి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రంగు బూడిద, గుణం అదే. బెంటొనైట్ అంటారు. ఎండితే రాయి, తడిస్తే నీళ్ళు తాగి ఉబ్బి సబ్బులా జారుతుంది. స్టీరింగ్ ఒకవైపు తిప్పుతున్నాను, కారు ఇంకోవైపు వెళ్తోంది. మెల్లగా, ఏమీ తొందర లేనట్టు, పక్క కాలువలోకి జారి ఒరిగిపోయింది. సిగ్నల్ లేదు. దిగి నాలుగడుగులు వేస్తే ఒక్కో బూటుకు తట్టెడు మట్టి.

గంటన్నర తర్వాత ఇద్దరు నడిచి వస్తూ కనిపించారు. డెబ్బై ఏళ్ళు దాటిన దంపతులు. కాస్త ఎగువన గులకరాళ్ళ దిబ్బ మీద వాళ్ళ ట్రక్కు ఆపుకుని ఉన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ట్రక్కుతో లాగుతారా అని అడిగాను. పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "లాగను" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు కోపమే వచ్చింది. ఆయన మాత్రం నిదానంగా వివరించారు. ఇప్పుడు లాగితే తన ట్రక్కు కూడా నా పక్కనే పడుకుంటుంది, పడకపోయినా రోడ్డంతా గాళ్ళు పడి, ఎండాక గట్టిపడి వెనక వచ్చేవాళ్ళకు నరకమవుతుంది. "రేపు మధ్యాహ్నం దాకా మనం చేసే పని ఏమీ లేదు" అన్నారు. కాలు తుడుచుకుందామని రోడ్డు పక్క నల్లగా గరుకుగా ఉన్న నేల మీదకు నేను అడుగేయబోతే మాత్రం కేక వేశారు. అది ప్రాణమున్న మట్టి పొరట. సూక్ష్మజీవులు ఏళ్ళ తరబడి ఇసుకను పట్టి ఉంచి కట్టుకున్నది, ఒక్క అడుగుకు పోతుందట. అంత బురదలో నిలబడి కూడా ఆయనకు ఆ ధ్యాస ఉంది.

పెద్దావిడ చేసిన సాయం ఇంకా పెద్దది. "నీ కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా?" అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి తొమ్మిదిలోపు నా దగ్గర్నుంచి ఫోన్ రాకపోతే కేన్ కౌంటీ షెరిఫ్ ఆఫీసుకు చెప్పమని స్నేహితురాలితో అనుకుని వచ్చాను. ఆవిడ తన శాటిలైట్ మెసెంజర్, ఫోన్ సిగ్నల్ లేకపోయినా మెసేజ్ పంపే పరికరం, నా చేతిలో పెట్టింది. "బురదలో ఉన్నాను, క్షేమం, రేపు సాయంత్రం దాకా షెరిఫ్‌కు చెప్పకు" అని పంపాను. జవాబు రావడానికి పావుగంట పట్టింది. ఆ మెసేజ్ వెళ్ళకపోయి ఉంటే ఎవరో నా కోసం చీకట్లో అదే రోడ్డు మీద బండి వేసుకుని వచ్చేవాళ్ళు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు టెన్షన్ తెప్పించేది అదే.

ఆ రాత్రి వాళ్ళ ట్రక్కు పక్కన, గులకరాళ్ళ మీద టెంటు వేసుకున్నాను. వేడి సూప్ ఇచ్చారు. మబ్బు విడిపోయాక ఆకాశంలో పాలపుంత ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంది. కింద ఎక్కడో వాగు పారుతున్న చప్పుడు. అంతకు ముందు మధ్యాహ్నం అది ఒట్టి ఇసుక.

పొద్దున ఎనిమిదికే నేను పార పట్టుకుని తయారు. ఆయన రోడ్డు మీద మడమతో నొక్కి, తడి గుర్తు చూపించి, కాఫీ తాగమన్నారు. గంట గంటకూ అదే పరీక్ష. పదకొండున్నరకు మడమ దిగలేదు. అప్పుడు చక్రాల ముందు తవ్వి, టైర్లలో గాలి 35 నుంచి 20కి దించి, పలకలు పెట్టి, నన్నే నడపమన్నారు. పావుగంటలో బయటపడ్డాను. చివరికి లాగాల్సిన అవసరమే రాలేదు. హైవే 89 దాకా తన ట్రక్కులో ముందు వెళ్తూ దారి చూపించి, అక్కడ తన కంప్రెసర్‌తో మళ్ళీ గాలి నింపారు.

డబ్బు ఇవ్వబోతే నవ్వారు. మిగిలిన కట్టెల కట్ట ఇస్తే మాత్రం మారు మాట్లాడకుండా తీసుకున్నారు.

అక్కణ్ణుంచి కనాబ్ వైపు వెళ్తుంటే అరవై మైళ్ళ వేగంలో స్టీరింగ్ గడగడా వణికింది. ఏదో విరిగిందనుకుని భయపడ్డాను. చూస్తే చక్రాల లోపల ఆ మట్టి ఎండి సిమెంటులా పట్టేసింది. కనాబ్‌లో రెండుసార్లు కడిగించినా పూర్తిగా పోలేదు. కారు తిరిగి ఇచ్చేటప్పుడు అద్దె వాళ్ళకు జరిగింది చెప్పేసి, శుభ్రం చేయించినందుకు వాళ్ళు అడిగింది కట్టాను.

ఆ ఇద్దరికీ తెలుగు రాదు. ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసి నిన్ననే పోస్టులో వేశాను. "లాగను" అన్న మాటకు నాకు కోపం వచ్చిందని కూడా అందులో రాశాను.