ఆగిన డిగ్రీ పూర్తి చేద్దామనుకునేవాళ్ళకి

అందరికీ నమస్తే. అమెరికాలో మళ్ళీ చదువు మొదలుపెట్టాలనుకుంటున్న అక్కలూ, చెల్లెళ్ళూ, దయచేసి ర్యాంకులు చూసి యూనివర్సిటీ ఎంచుకోకండి. పాత క్రెడిట్లు (ఇదివరకు పాసైన కోర్సులకి లెక్కేసే పాయింట్లు) ఎన్ని తీసుకుంటారన్నది సగం మాటే. అవి మీ ముఖ్య సబ్జెక్టు, అంటే మేజర్‌లో లెక్కకొస్తాయా అన్నదే అసలు సంగతి. మా వదినకి 54 క్రెడిట్లు ఒప్పుకున్నారంటే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. తీరా ఏ క్రెడిట్ దేని కింద లెక్కేశారో చూపే షీట్ చూస్తే చాలావరకు ఐచ్ఛిక సబ్జెక్టులు, అంటే ఎలెక్టివ్‌ల కింద వేశారు. అకౌంటింగ్ మళ్ళీ మొదటి నుంచీ చదివింది పాపం.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఒక మేలుంది. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలో) 42 క్రెడిట్ గంటల కోర్, అంటే అందరికీ తప్పనిసరైన సాధారణ సబ్జెక్టులు, పూర్తి చేస్తే, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్ని మొత్తంగా తీసుకోవాల్సిందే. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో పెరిమీటర్ అనే రెండేళ్ళ కాలేజీని తనలో కలుపుకుంది కాబట్టి, రెండేళ్ళ డిగ్రీతో మొదలుపెట్టి అందులోనే నాలుగేళ్ళ డిగ్రీకి మారొచ్చు. డెన్వర్‌లోనైతే కమ్యూనిటీ కాలేజీ, మెట్రో స్టేట్ యూనివర్సిటీ, సీయూ (యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో) డెన్వర్ మూడూ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి అదెంత సుఖమో!

ఇండియాలో చదివినవాళ్ళు మార్కుల మెమోలతోపాటు సిలబస్ కాపీలు కూడా ఇప్పుడే తెప్పించుకోండి. క్రెడిట్లు మళ్ళీ పరిశీలించమని అడగాలంటే అవే ఆధారం. ఎవరికైనా టెన్షన్‌గా ఉంటే రాత్రి 9 తర్వాత ఫోన్ చేయండి, షీట్ కలిసి చూద్దాం.