నీ యాషికాను చెడగొట్టింది నేను గాదు నాయనా

హమామత్సు, జపాన్,
ఆదివారం రాత్రి

నాయనకు,

చిన్నమ్మి నమస్కారాలు. నేనీడ బాగుండాను. చలి మొదలయింది. అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి డబ్బా అడుగుకొచ్చింది, ఆ సంగతి అమ్మతో వేరేగా చెప్పుకుంటాలే. దినమూ ఫోన్లో మాట్లాడతానే ఉండాం గదా, మళ్ళీ ఉత్తరమేందబ్బా అనుకుంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపలే "సర్లే అమ్మీ, అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తావు. ఇది మాట మారిస్తే పొయ్యేది గాదు. ఇరవై ఏడేళ్ళ పాత కేసు.

1998లో గంగమ్మ జాతరకు ముందు ఆదివారం మనం కపిలతీర్థం పోయినాం, గుర్తుండాదా? అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నీ యాషికా కెమెరాను నా మెడలో వేసేదాకా ఏడ్చి సాధించినాను. కోనేటి మెట్ల మీద కాలు జారింది. నాకేమీ కాలేదు గానీ కెమెరా ఠంగుమని మెట్టుకు కొట్టుకుంది. ఆపై వారం జాతర. చిన్నాయన బండ వేషం కట్టుకుని వీధులన్నీ తిరిగితే నువ్వు ఆయన ఎనకాలే తిరిగి రీలంతా ఖర్చుపెట్టినావు. కడిగించి చూస్తే సగం బొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లగా, సగం బొగ్గు. కెమెరాలు బాగుచేసే ఆయనకు చూపిస్తే "కిందపడింది గదప్పా, లోపల సర్క్యూట్ పోయింటాది" అన్నాడంట, విప్పి కూడా చూడకుండానే. ఆ దినం నుంచి కెమెరా బీరువాలో, తప్పు నా నెత్తిన.

నువ్వు నన్ను కొట్టలేదు. కొట్టుంటే ఆ దినంతో తీరిపోయుండేది. నా పెళ్ళిచూపుల్లో కూడా "మా పాపకు అన్ని పనులూ వచ్చండీ, చేతికి కెమెరా మాత్రం ఇవ్వొద్దు" అని అందరినీ నవ్వించినావు. నేను కూడా నవ్వినాను. ఏం చేసేది?

ఇప్పుడు చెప్తా ఉండాను. దాన్ని చెడగొట్టింది నేను గాదు. మినపగింజంత రబ్బరు ముక్క. ఎట్లా తెలిసిందో మొదట్నుంచి చెప్తాను, అడ్డం రావద్దు.

ఈడ హార్డాఫ్ అని పాత సామాన్లు అమ్మే పెద్ద అంగళ్ళు ఉండాయి. ఆడ ఒక మూలకు నీలం ప్లాస్టిక్ బుట్టలు పెట్టుంటారు. వాటిమీద "జంకు" అని రాసుంటాది. పని చేస్తాదో లేదో మేము చూడలేదు, కొన్నాక వెనక్కి తేవద్దు అని దానర్థం. పాత టేపురికార్డర్లు, రిమోట్లు, ఇస్త్రీపెట్టెల మధ్యన కెమెరాలు పడుంటాయి. ఒక్కోటి ఐదొందల యెన్లు, వెయ్యి యెన్లు. వెయ్యంటే మన లెక్కలో ఐదారు వందల రూపాయలు. మొదటిసారి ఆ బుట్టలో చెయ్యి పెట్టినప్పుడు కడుపులో దేవినట్టయింది నాయనా. నువ్వు మల్లుపంచె కొనతో తుడిచి తుడిచి పెట్టుకునే వస్తువులు ఈడ వంకాయల మాదిరి కుప్పబోసినారు.

మొదట కొనింది ఒలింపస్ ట్రిప్ 35. 1967 నుంచి 1984 దాకా తయారు చేసినారంట దాన్ని. దానికి బ్యాటరీ అక్కర్లేదు. లెన్సు చుట్టూ తేనెపట్టు మాదిరి గాజు ఉంటాది, దాని కింద సెలీనియం బిళ్ళ. వెలుతురు పడితే అదే కరెంటు పుట్టించి ముల్లును కదిలిస్తాది. అంగట్లోనే పరీక్ష చేయొచ్చు. అరచేత్తో లెన్సు మూసి బటన్ నొక్కితే కెమెరా నొక్కనీయదు, లోపల ఎర్రజెండా లేస్తాది. చెయ్యి తీసి దీపం తట్టు చూపించి నొక్కితే క్లిక్కుమంటాది. రెండూ జరిగితే బిళ్ళ బతికుండాదని లెక్క.

అది బతికే ఉండింది. నేనే చంపినాను. లెన్సులో దుమ్ము ఉండాదని ఇంట్లో ఉండే స్టార్ స్క్రూడ్రైవరుతో విప్పబోతే మూడు స్క్రూల నెత్తులు అరిగిపోయినాయి. మా వీధి చివర గడియారాలు బాగుచేసిన పెద్దాయన ఒకాయన ఉండాడు, ఇప్పుడు అంగడి మూసేసినాడు. తీసకపోయి చూపిస్తే ఏమీ అనలేదు, లోపలికి పోయి తన స్క్రూడ్రైవరు ఒకటి తెచ్చి నాదాని పక్కన పెట్టినాడు. రెండింటి కొనలు చూస్తే గానీ తేడా తెలీలేదు. జపాన్ స్క్రూల కొలత వేరే, జిస్ అంటారు. చూసేదానికి మన స్టారు మాదిరే ఉంటాది. మన స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా తిప్పితే కొన జారి పైకొచ్చేస్తాది, దాంతోపాటు గాడి అరిగిపోతాది. ఇది నీకు ముందే చెప్తా ఉండాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివేలోపల నీ చెయ్యి ఆ కుట్టుమిషన్ సొరుగులోని స్క్రూడ్రైవరు తట్టు పోతాదని నాకు తెలుసు. పోనీయొద్దు.

ఆ పెద్దాయన దగ్గరే మిగతాది నేర్చుకున్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, నా జపనీసు అంతంత మాత్రం. చేతులతోనే పాఠం. వెనక మూత తీస్తే అంచుల గాడిలో నల్లటి స్పాంజి ఉంటాది గదా, వెలుతురు లోపలికి దూరకుండా. ఈడ దాన్ని మోల్టు అంటారు. ముప్పై నలభై ఏళ్ళకు అది మాడిన పాకం మాదిరి జిగటయి చేతికంటుకుంటాది. దాని సందుల్లోంచి వెలుతురు దూరితే ఫోటో మీద ఎర్రగా చారలొస్తాయి. స్పిరిట్ అద్దిన దూదిపుల్లతో ఆ జిగటంతా గీకి తీసి, సన్నగా కోసిన కొత్త స్పాంజి అతికించాల. సన్న గాడి అయితే నల్ల ఉన్నిదారం పెట్టినా చాలు. అమ్మ స్వెట్టర్ అల్లి సగంలో వదిలేసిన దారం ఇంగా ఉండాదా?

నా సామాను చూస్తే నవ్వుతావు. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ పళ్ళెంలో వేస్తాను, ఒక్కో గుంతలో ఒక్కో మెట్టు. మందుల అంగట్లో దొరికే బెంజిన్ సీసా ఒకటి. షట్టర్ రేకుల మీద పాత నూనె ఊరి అంటుకునుంటే అది రెండు చుక్కలు వేసి పది ఇరవైసార్లు ఆడిస్తే విడిపోతాయి. బ్యాటరీ కారి పచ్చగా పూసుంటే వెనిగర్ అద్దిన దూది. ఇంతే. ఆదివారాలు ఇడ్లీ చెయ్యడం మానేసినాను.

ఇంకొకటి చెప్తాను, అమ్మకు చదివి వినిపించొద్దు. కోనికా వాళ్ళది ఒకటి ఉండాది, సీ35 ఈఎఫ్. 1975లో వచ్చింది, ఫ్లాష్ లోపలే ఉంటాది. అంతకుముందు నువ్వు ఫ్లాషు తెచ్చి నెత్తిన తగిలించేవాడివి చూడు, ఆ బాధ లేకుండా. ఈడోళ్ళు దాన్ని ముద్దుగా పిక్కారి అంటారు, తళుక్కుమనేది అని. ఎనిమిదొందల యెన్లకు దొరికింది. బ్యాటరీ తీసేసినాను గదా అని ధైర్యంగా విప్పినాను. ఫ్లాషుకు ఉండే కెపాసిటర్ బ్యాటరీ తీసినా కరెంటు దాచిపెట్టుకునుంటాది, దాదాపు మూడొందల వోల్టులు. మోచేతి దాకా కొట్టింది. ఇడ్లీ పళ్ళెం ఎగిరి స్క్రూలన్నీ మంచం కింద. ఇప్పుడు ముందు దాన్ని ఖాళీ చేసినాకే చెయ్యి పెడతా ఉండాను.

ఇక నీదాని సంగతి.

పోయిన మార్చిలో బుట్ట అడుగున నీ కెమెరా కనిపించింది. నీది గాదులే, దాని తోబుట్టువు. యాషికా ఎలక్ట్రో 35, జీఎస్ఎన్ మోడలు, తెల్లది. అదే బరువు, అదే లెన్సు, 45 మిల్లీమీటర్లది, వెలుతురు పొయ్యే రంధ్రం 1.7 దాకా తెరుచుకునేది. కాసేపు ఆడనే కూర్చుండిపోయినాను. నువ్వు 1979లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి బర్మా బజార్లో కొన్నావంట గదా. ఎంత పెట్టినావో అమ్మకు ఈ దినానికీ చెప్పలేదు. స్టూడియోలో గుండు ఫోటోలకు వాడేవి వేరే కెమెరాలు, యాషికా మాత్రం నీ సొంతానికి, మా కోసం. గోడ మీద ఉండే గోవిందరాజస్వామి గోపురం రాత్రి ఫోటో దాంతో తీసిందేనని అందరికీ చెప్తావు గదా. అది ఎట్లా వచ్చిందో ఇప్పుడు అర్థమయింది. దీంట్లో మనం రంధ్రం సైజు పెడితే చాలు, షట్టర్ ఎంతసేపు తెరవాలో అదే లెక్కేసుకుంటాది, సెకనులో ఐదొందలో వంతు నుంచి ముప్పై సెకన్ల దాకా. 1966లో మొదటి ఎలక్ట్రో వచ్చినప్పుడు అది చిన్న సంగతి గాదు.

ఆ లెక్క వేసే యంత్రం సర్దుకునేదానికి లోపల ఒక కడ్డీ కిందికీ పైకీ ఆడతాది. కడ్డీ కొన కొట్టుకునే చోట మెత్తగా ఉండాలని ఒక చిన్న రబ్బరు ముక్క అతికించినారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రబ్బరు పొడిపొడి అయిపోతాది, లేకపోతే జిగటై నలిగిపోతాది. అప్పుడు కడ్డీ ఆగాల్సిన చోట ఆగదు, వెలుతురు లెక్క తప్పుతాది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. సగం సున్నం, సగం బొగ్గు! ఇది నీ ఒక్క కెమెరా జబ్బు గాదు నాయనా, ఈ జాతి మొత్తానికి ఉండే జబ్బు. ఎవరూ కింద పడేయకపోయినా వస్తాది.

నేను ఇప్పటికి మూడు ఎలక్ట్రోలు కొన్నాను. మూడింటిలోనూ ఆ ముక్క పోయింది. పై మూత విప్పి, పాతది గీకి, కొత్త ముక్క అతికిస్తే రెండు లేచి కూర్చున్నాయి. మూడోదాంట్లో వైరు తెగుంటే నాకు చాతగాలేదు, స్క్రూల కోసం ఉంచుకున్నాను. రీలు కొనేదానికే కెమెరా కంటే ఎక్కువ పెట్టాల్సి వస్తా ఉండాది ఈడ, కాబట్టి బాగైనవాటితో కూడా పొదుపుగానే తీస్తా ఉండాను.

నిజం చెప్పాలంటే లెన్సు ముందర కట్టుకు ఉండే సొట్ట నాదే. అది ఒప్పుకుంటా. దానికీ ఫోటోలు చెడిపోయినదానికీ సంబంధం లేదు.

సరే, నా మాట నమ్మొద్దు. నువ్వే పరీక్ష చెయ్. బీరువాలోంచి తియ్, తోలు సంచీలోంచి బయటికి తియ్. ఇంక దాన్ని ఆ సంచీలో పెట్టొద్దు, తోలు తేమ పట్టుకుని లెన్సుకు బూజు ఎక్కిస్తాది. కింద చెప్పే బ్యాటరీ వేసినాక వెనక మూత తెరిచి, లెన్సు చుట్టూ ఉండే రింగును "బి"లో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, లెన్సులోంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు మాదిరి ఏమన్నా కనిపిస్తుందేమో చెప్పు. బ్యాటరీ లేకపోతే ఈ కెమెరా సెకనులో ఐదొందలో వంతులో మాత్రమే కొడతాది, అందుకని బ్యాటరీ లేనిదే అది తెరుచుకుందో లేదో కంటికి ఆనదు, కంగారు పడొద్దు.

దాని అసలు బ్యాటరీ 5.6 వోల్టులది, పాదరసంతో చేసేవాళ్ళు, ఇప్పుడు ఎక్కడా చెయ్యరు. గాంధీరోడ్డులో గడియారాల అంగడికి పోయి ఎల్ఆర్44 బిళ్ళలు నాలుగు కొనుక్కో. ఒకదాని మీద ఒకటి పేర్చి కాగితం గొట్టంలో చుడితే ఆరు వోల్టులవుతాది, ఆ తేడాను ఓర్చుకుంటాది. మిగిలిన సందుకు టార్చిలైటు స్ప్రింగు పెట్టు. ప్లస్ మైనస్ గుర్తులు చూసుకో. వెనక ఉండే బుడిపి నొక్కితే లైటు వెలగాల. వరండాలో ఎండలోకొచ్చి రంధ్రం సైజు 1.7లో పెట్టి బటన్ సగం నొక్కితే ఎర్రలైటు, దేవుడి గదిలో 16లో పెట్టి నొక్కితే పసుపులైటు రావాల. వచ్చినాయంటే "సర్క్యూట్ పోయింది" అన్న ఆయన మాట అప్పుడే కొట్టుకుపోయినట్టు.

అసలు పరీక్ష ఇంకొకటి. దానికి బ్యాటరీ కూడా వద్దు. టీవీ ఆపేసి, కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని రీలు తిప్పే లివరును నిదానంగా కడదాకా లాగు. రబ్బరు బాగుంటే లోపల టక్కుమని గట్టిగా ఒక చప్పుడు వస్తాది. ముక్క పోయుంటే రాదు, ఊరికే గర్రుమంటాది. టక్కుమనిందంటే తప్పు నాదే, ఇంకో ఇరవై ఏడేళ్ళు చెప్పుకో. అనలేదంటే సంక్రాంతికి వచ్చి పొయ్యే చిన్నత్త కొడుకు చేతికిచ్చి పంపించు. విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోమను, కింద సామానులో వేయొద్దని గట్టిగా చెప్పు. నేను ముక్క మార్చి, మోల్టు మార్చి, మే నెలలో జాతరకు నేనే తెస్తాను. చిన్నాయనను మళ్ళీ బండ వేషం కట్టమందాం, ఇప్పుడు పొట్ట కూడా కలిసొస్తాది.

నీ కుడిచెవి సరిగ్గా వినపడదు గాబట్టి నువ్వొక్కడివే విని తీర్పు చెప్తే నేను ఒప్పుకోను. లివరు నువ్వు లాగు, చెవి అమ్మను పెట్టమను. చప్పుడు వచ్చిందా లేదా అమ్మతో రాయించి పంపించు.

నీ
చిన్నమ్మి