జియు-జిట్సులో మొదటి పాఠం

సంపాదకులకు,

విశాఖలో బ్రెజిలియన్ జియు-జిట్సు అంటే చాలామంది తల్లిదండ్రులు కరాటే లాంటిదే అనుకుంటున్నారు. కానీ దీని మూలం 1882లో జపాన్‌లో జిగోరో కానో స్థాపించిన జూడో. ఆ విద్య నేర్చిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాక, అక్కడి గ్రేసీ సోదరులు దాన్ని నేలపోరుగా మలిచారు.

మొదటి పాఠం, వెల్లకిలా పడ్డప్పుడు తప్పించుకోవడం. మన ఛాతీపై కూర్చున్నవాణ్ని చేతులతో నెడితే మోచెయ్యి మెలిపెట్టమని అప్పగించినట్టే! అతని ఒక చేతిని బిగించి, అదే వైపు పాదాన్ని మన పాదంతో అడ్డుకుని, నడుమెత్తి ఆ పక్కకే దొర్లాలి. చేతిని వదిలేస్తే దాన్ని నేలకు ఆనించి నిలదొక్కుకుంటాడు.

మెడపట్టులో రెండు పక్కల రక్తనాళాలు నొక్కుకుంటే కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. అందుకే పట్టు కంటే ముందు, ఎదుటివాడు ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టగానే వదలడం నేర్పాలి. ఆర్కే బీచ్‌లో కన్నా మ్యాట్ మీదే సాధన మేలు. ఇసుకలో పాదం కూరుకుపోతే మోకాలు మెలిపడుతుంది.

– కొందరు శిక్షకులు, విశాఖపట్నం