డార్క్ రోస్ట్ అంటే గింజను మాడ్చడం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే కాఫీ గింజలు వేయించుకునే చిన్న రోస్టర్ల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. డార్క్ రోస్ట్, అంటే గింజ బాగా ముదురు రంగుకు వచ్చేలా వేయించడం, కావాలనుకుంటే ‘ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచితే సరి’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నమ్మి వేయించినవాళ్లకు దక్కేది కమురు కంపు కొట్టే కాఫీయే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గింజ వేగేటప్పుడు రెండుసార్లు చిట్లుతుంది. గింజ వేడి దాదాపు 196 నుంచి 205 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు లోపలి తేమ ఆవిరై, ఆ ఒత్తిడికి టప్పు టప్పుమని పగలడం ఫస్ట్ క్రాక్. సుమారు 224 డిగ్రీల దగ్గర మొదలయ్యేది సెకండ్ క్రాక్. అప్పుడు లోపల చేరిన కార్బన్ డయాక్సైడ్ ధాటికి బాగా పెళుసెక్కిన గింజ గోడలే విరుగుతాయి. ఆ చప్పుడు ఎండు పుల్లలు విరిచినట్టు సన్నగా, గబగబా వస్తుంది. డార్క్ రోస్ట్ బాగుపడినా చెడినా ఈ రెండు చప్పుళ్ల మధ్యే.

డ్రమ్ము తిరిగే రోస్టర్‌ సంగతి చెబుతాను. 250 గ్రాములు పడుతుందని రాసి ఉన్నా 200 గ్రాములే పోయండి. గింజలు ఉబ్బి దాదాపు రెట్టింపు చోటు ఆక్రమిస్తాయి, పొగ బయటికి పోవడానికీ ఖాళీ కావాలి. డ్రమ్మును 180–190 డిగ్రీలకు వేడిచేసి పచ్చి గింజలు వెయ్యాలి. నాలుగైదు నిమిషాలకు పచ్చదనం పోయి పసుపు రంగు తిరగాలి, తొమ్మిది పది నిమిషాల మధ్య ఫస్ట్ క్రాక్ రావాలి. అది వచ్చాక వేడి తగ్గిద్దాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే. గింజ వేడి 190 దగ్గరికి రాగానే కొంత తగ్గించి, చప్పుడు జోరందుకున్నాక మరికొంత తగ్గించి, ఫ్యాను పెంచాలి. ఫ్యాను పెంచకపోతే పొగ గింజలకే పట్టి బూడిద రుచి వస్తుంది.

ఫస్ట్ క్రాక్ మొదలైనప్పటి నుంచి సెకండ్ క్రాక్ మొదలయ్యేదాకా రెండున్నర నుంచి మూడున్నర నిమిషాలు పట్టేలా చూసుకోండి. నిమిషంన్నరలోనే వచ్చిందంటే పైన నల్లబడి లోపల గోధుమరంగులోనే ఉండిపోతుంది. పొడి చేసి చూస్తే రంగు తేడా తెలిసిపోతుంది. అలాగని వేడి మరీ తగ్గించేస్తే గింజ వేడి పెరగడం ఆగిపోయి, తీపీ వాసనా లేని చప్పటి కాఫీ మిగులుతుంది. వేడి పెరుగుతూనే ఉండాలి, కానీ ప్రతి నిమిషమూ అంతకు ముందు నిమిషం కంటే తక్కువగా పెరగాలి. మధ్యలో భయపడి హీటరు ఆపి మళ్లీ వేసేవాళ్లున్నారు. ఆ కుదుపే రుచిని ఎక్కువ పాడుచేస్తుంది.

సెకండ్ క్రాక్‌లో మొదటి చిటుకులు వినపడగానే హీటరు ఆపెయ్యండి. చప్పుడు వరసగా సాగుతున్నప్పుడు, అంటే 15 నుంచి 30 సెకన్లలోపు, గింజలు దింపి మూడు నాలుగు నిమిషాల్లో చేతికి చల్లగా తగిలేలా ఆరబెట్టాలి. చల్లార్చడం కూడా అదే డ్రమ్ములో జరిగే రకమైతే హీటరు ఆపాక కూడా గింజ వేగుతూనే ఉంటుంది కాబట్టి తొలి చిటుకుకే చల్లార్చడం మొదలుపెట్టాలి. వేడిగాలితో ఎగరేసే రోస్టర్లలో మరో చిక్కుంది. తేమ పోయి తేలికైన గింజలు పైపైకి ఎగురుతాయి, ఫ్యాను తగ్గిస్తే వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి ఫ్యానుతో పాటు హీటరూ తగ్గించాలి.

థర్మామీటరు అంకెల్ని మరీ నమ్మకండి, దాని కడ్డీ ఎక్కడుందన్నదాన్ని బట్టి పది డిగ్రీల తేడా మామూలే. చెవినీ త్రాసునూ నమ్మండి. 200 గ్రాముల పచ్చి గింజలు మంచి డార్క్ రోస్ట్‌కు 164–168 గ్రాములవుతాయి. 160కి దిగిందంటే బొగ్గు దారి పట్టినట్టే. దింపిన వెంటనే గింజలు నూనెతో నిగనిగలాడితే ఎక్కువైంది, ఒకటి రెండు రోజుల తర్వాత అక్కడక్కడా చుక్కలు తేలితే ఫరవాలేదు. గింజ మీద గుండ్రంగా పెచ్చులు ఊడాయంటే సెకండ్ క్రాక్‌లోకి మరీ వేగంగా వెళ్లారు. కొసలు మాత్రమే నల్లబడ్డాయంటే మొదట్లో వేడి ఎక్కువైంది.

నిన్నటి పద్ధతే పాటించినా ఇవాళ వేరేగా వస్తే కరెంటు చూడండి. వోల్టేజి 230 నుంచి 210కి పడితే హీటరు శక్తి దాదాపు ఆరో వంతు తగ్గిపోతుంది. వెంటవెంటనే రెండో వాయి వేసినా లెక్క తప్పుతుంది, డ్రమ్ము మళ్లీ మొదటి వాయి నాటి వేడికి దిగేదాకా ఆగాలి. కెఫీన్ తీసేసిన గింజలైతే పచ్చిగా ఉన్నప్పుడే గోధుమరంగులో ఉంటాయి, రంగు చూసి దింపితే మోసపోతారు.

మీ వ్యాసంలో అసలు లేనిది నిప్పు సంగతి. డార్క్ రోస్ట్‌కు వెళ్లేసరికి గింజల నుంచి ఊడిన పొట్టు ఎండి అగ్గిపుల్లలా అంటుకుంటుంది, గింజలూ నూనె కక్కుతుంటాయి. ప్రతి వాయికీ ముందు పొట్టు చేరే అరను ఖాళీ చెయ్యాలి, యంత్రం దగ్గరి నుంచి కదలకూడదు. లోపల మంట కనిపిస్తే ప్లగ్గు పీకి, తలుపు మూసే ఉంచాలి. తెరిస్తే గాలి తగిలి మంట ఎగుస్తుంది. నీళ్లు చల్లకూడదు. మిగతాదంతా వెయ్యడానికి చోటు లేకపోయినా ఈ నాలుగు మాటలు మాత్రం ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు